చెట్టెక్కిన సముద్రపు నత్త: మడ అడవుల్లో దాన్ని గుర్తుపట్టడం ఎలా?

సెలవులు వస్తే కాకినాడ వైపు వెళ్లే కుటుంబాలు చాలావరకు కోరింగ కూడా చూసి వస్తాయి. ఊరి నుంచి ఇరవై కిలోమీటర్ల లోపే ఉంటుంది. మడ చెట్ల మధ్య వేసిన చెక్క బాట మీద పెద్దవాళ్లు గాలి పీల్చుకుంటూ నడుస్తుంటే, పిల్లల కళ్లు మాత్రం ఆకుల మీదే ఉంటాయి. ఎవరో ఒకరు ఆగిపోయి అరుస్తారు: "అమ్మీ, ఇటు చూడు! నత్త చెట్టెక్కింది!"

నిజంగానే ఎక్కి ఉంటుంది. కింద బురద, దూరంగా ఉప్పు నీళ్లు, మనిషి ఎత్తున ఉన్న ఆకు మీద గోరంత గుల్ల. పిల్లల తర్వాతి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "దీని పేరేంటి?" ఉర్దూలో అడిగితే ఘోంఘా, తెలుగులో అడిగితే నత్త. అక్కడితో చాలామంది ఆపేస్తారు. కానీ ఆ ఆకు మీద ఉన్న నత్తా, పక్క చెట్టు మొదట్లో ఉన్న నత్తా ఒకటే జాతి కాకపోవచ్చు. ఆ తేడా పట్టుకోవడానికి శాస్త్రవేత్తలకే రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది. అయితే దారి తెలిస్తే, సెలవులకు వెళ్లిన కుటుంబం కూడా సగం దూరం సులువుగా వెళ్లగలదు.

ఇది ఏం జీవి?

మడ చెట్ల కాండాల మీద, కొమ్మల మీద, ఆకుల మీద కనిపించే ఈ చిన్న నత్తల్లో ఎక్కువ భాగం లిట్టోరేరియా అనే ప్రజాతికి చెందినవి. ప్రపంచం మొత్తం మీద ఈ ప్రజాతిలో దాదాపు 40 జాతులున్నాయి. వాటిలో ఎక్కువ శాతం మడ అడవుల్ని ఆశ్రయించుకుని బతికేవే.

ఇవి తోటలో వానకు బయటికొచ్చే నత్తల్లాంటివి కావు. వీటి చుట్టాలన్నీ సముద్రపు నత్తలే. మొప్పలున్న జీవులు, పిల్ల దశలో సముద్రపు నీళ్లలో తేలుతూ పెరుగుతాయి. పెద్దయ్యాక మాత్రం నీళ్లకు పైన, గాలిలోనే ఎక్కువ కాలం గడుపుతాయి. పోటు వచ్చి నీళ్లు పెరుగుతుంటే కొన్ని జాతులు కాండం మీద పైకి పాకుతాయి. ఆటు సమయంలో మళ్లీ కిందికి దిగుతాయి. కింద ఉండిపోతే నీళ్లతో పాటు వచ్చే పీతలకూ చేపలకూ ఆహారమైపోతాయి.

ఎండ ముదిరితే ఇవి చేసే పని ఇంకా చూడముచ్చటగా ఉంటుంది. శరీరాన్ని లోపలికి లాక్కుని, కొమ్ము లాంటి పలుచని మూతతో తలుపు వేసుకుంటాయి. గుల్ల అంచును మాత్రం ఎండిన జిగురుతో ఆకుకో కాండానికో అంటించుకుంటాయి. అందుకే పగటిపూట చూసినవాళ్లు "చచ్చిపోయింది" అనుకుని పీకేస్తారు. అది చావలేదు, తేమ కోసం ఎదురుచూస్తోంది. వాన పడినా, రాత్రి మంచు పడినా లేచి తిరుగుతుంది. బెరడు మీద, ఆకు మీద పేరుకున్న నాచునూ బూజునూ గీకి తింటుంది.

ముందు వేరే నత్తల్ని పక్కన పెట్టండి

మడ అడవిలో కనిపించే ప్రతి నత్తా లిట్టోరేరియా కాదు. జాతి పేరు దాకా వెళ్లేముందు, పోలికలు లేనివాటిని విడదీయడం తేలిక.

బురద మీద వేళ్లంత పొడవున, నల్లగా, కొండ శిఖరంలా కోసుగా పడి ఉండేది టెలిస్కోపియం. ఎనిమిది, పది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. దాన్ని చూసి ఎవరూ పొరపడరు. అదే బురద మీద వందల కొద్దీ, సన్నగా గోపురంలా, ఒళ్లంతా పూసలు గుచ్చినట్టుండే చిన్న నత్తలు పైరెనెల్లా ప్రజాతివి. పాత పుస్తకాల్లో వీటినే సెరిథిడియా అని రాశారు. ఇవి బురద మీదే ఉంటాయి, ఆకుల మీదికి రావు.

చెట్టు మొదట్లో, రాలిన ఆకుల కింద, పుచ్చిన కర్ర సందుల్లో గోధుమరంగు గుండ్రటి నత్తలు కనిపిస్తే నోటి వైపు చూడండి. నోటి లోపల పళ్లలా పొడుచుకొచ్చిన గట్లు ఉండి, తలుపు లాంటి మూత లేకపోతే అవి ఎల్లోబిడ్ కుటుంబానివి. వీటికి మొప్పలుండవు, ఊపిరితిత్తి లాంటి సంచితో గాలి పీలుస్తాయి. అరచంద్రుడి ఆకారంలో నోరు, దళసరి గుల్ల, గట్టి సున్నపు మూత ఉంటే అది నెరైట్ కుటుంబపు నత్త.

ఇవన్నీ తీసేశాక మిగిలేది: చెట్టు మీద నీటికి పైన ఉండేది, మొనదేలిన బొంగరం ఆకారం, గుండ్రటి నోరు, పళ్లు లేవు, పలుచని గోధుమరంగు మూత. ఇంత సరిపోతే అది లిట్టోరేరియా అని దాదాపు ధైర్యంగా చెప్పొచ్చు. అసలు చిక్కు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఒక్క పేరు కింద దాగిన జాతులు

1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ ఈ నత్తల్లో ఒకదానికి స్కాబ్రా అని పేరు పెట్టాడు. లాటిన్‌లో గరుకుగా ఉన్నది అని అర్థం. ఆ తర్వాత ఓడల్లో వచ్చిన గుల్లలు ఐరోపా మ్యూజియాలకు చేరాయి. ఒక్కొక్కరు ఒక్కో రంగు గుల్లను చూసి ఒక్కో కొత్త పేరు పెట్టేశారు. పసుపుదానికి ఒకటి, చారలున్నదానికి ఒకటి. పేర్లు గుట్టలుగా పేరుకున్నాయి.

తర్వాత దీనికి పూర్తిగా విరుద్ధమైన దశ వచ్చింది. ఇంత గందరగోళం ఎందుకని, రంగు తేడాలే కదా అని, చాలావాటిని కలిపేసి స్కాబ్రా అనే ఒక్క పేరు కిందకు తెచ్చారు. 1970లో జోసెఫ్ రోజ్‌వాటర్ ఇండో-పసిఫిక్ ప్రాంతపు ఈ కుటుంబం మీద రాసిన పెద్ద గ్రంథం కూడా చాలా రూపాల్ని స్కాబ్రా పేరు కిందే చూసింది. ఆఫ్రికా తూర్పు తీరం నుంచి పసిఫిక్ దీవుల దాకా చెట్టెక్కిన నత్త ఏది కనిపించినా, విద్యార్థులు "స్కాబ్రా" అని రాసుకుని వెళ్లిపోయేవారు.

1986లో డేవిడ్ రీడ్ అనే శాస్త్రవేత్త రాసిన గ్రంథం ఈ కథను మార్చేసింది. ఆయన గుల్లలతో సరిపెట్టుకోలేదు. నత్తలు చెట్టు మీద ఎక్కడ కూర్చున్నాయో చూశాడు. లోపలి శరీర నిర్మాణం చూశాడు. ముఖ్యంగా మగ నత్త జననావయవం ఆకారాన్నీ, ఆడ నత్త గుడ్లను ఎలా పెంచుతుందనే సంగతినీ పరిశీలించాడు. ఒకే చెట్టు మీద, ఒకదాని పక్కన ఒకటి ఉంటూ కూడా కలిసి సంతానాన్ని కనని జాతులు అనేకం ఉన్నాయని తేల్చాడు. ఒక్క స్కాబ్రా అనుకున్నది నిజానికి ఒక పెద్ద గుంపు. తర్వాత వచ్చిన జన్యు పరీక్షలు కూడా ఈ విభజనను చాలావరకు బలపరిచాయి.

పాత పుస్తకం చదివే విద్యార్థులు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. ఒకప్పుడు వీటన్నిటినీ లిట్టోరినా అనే ప్రజాతిలో పెట్టేవారు. ఇప్పుడు లిట్టోరేరియా అంటున్నారు. లిట్టోరినా మెలనోస్టోమా, లిట్టోరేరియా మెలనోస్టోమా అని రెండు చోట్ల రెండు రకాలుగా కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. నత్త ఒకటే, ఇంటిపేరు మారింది.

రంగు ఎందుకు మోసం చేస్తుంది?

మనం దేన్నైనా గుర్తుపట్టాలంటే మొదట రంగే చూస్తాం. ఈ నత్తల విషయంలో పొరపాటు జరిగేది అక్కడే.

లిట్టోరేరియా పాలెసెన్స్ అనే జాతినే తీసుకోండి. ఆకుల మీద ఉంటుంది. ఒకే చెట్టు మీద ఒకటి నిమ్మపండు పసుపులో, ఇంకోటి గులాబీ ఛాయలో, మూడోది ముదురు గోధుమలో ఉండొచ్చు. మూడూ ఒకే జాతి. ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ముల్లో ఒకరు తెల్లగా ఒకరు నల్లగా ఉన్నట్టే ఇది కూడా. దీనికి విరుద్ధంగా, రెండు గోధుమరంగు నత్తలు అచ్చు ఒకేలా కనిపించి వేర్వేరు జాతులు కావొచ్చు.

ఈ రంగుల తేడాకు కారణాలూ ఉన్నాయి. ముదురు గుల్ల ఎండకు త్వరగా వేడెక్కుతుంది, లేత గుల్ల అంత వేడెక్కదు. ఆకు రంగులో కలిసిపోయే గుల్ల వేటగాళ్ల కంట తేలిగ్గా పడదు. బెరడు మీద ఉండేదానికి గోధుమరంగు మేలు చేస్తుంది. ఆస్ట్రేలియాలోని మాగ్నెటిక్ ఐలాండ్‌లో ఫిలోసా అనే జాతి మీద చేసిన పరిశీలనల్లో, నత్త రంగుకూ అది కూర్చున్న చోటు రంగుకూ, బతికి బయటపడటానికీ సంబంధం ఉందని తేలింది. అంటే రంగు నత్త బతుకు గురించి చెబుతుంది. పేరు గురించి మాత్రం తక్కువే చెబుతుంది.

వరుసగా అడగాల్సిన అయిదు ప్రశ్నలు

మరి దేన్ని చూడాలి? కింది ప్రశ్నల్ని ఇదే వరుసలో అడిగితే చాలా దూరం వెళ్లొచ్చు. రంగు చివర్లో వస్తుంది.

1. ఎక్కడ కూర్చుంది? సముద్రం వైపు అంచున ఉన్న చెట్టా, లోపల కాలువ ఒడ్డు చెట్టా? కాండమా, వేరా, ఆకా? స్కాబ్రా ఎక్కువగా సముద్రం వైపు అంచున, కాండాల మీద, వేళ్ల మీద ఉంటుంది. ఇంటర్మీడియా కూడా కాండాల మీద, వేళ్ల మీద ఉండేదే కానీ, అలలు తక్కువగా ఉండే నది పాయల వైపు బాగా కనిపిస్తుంది. పాలెసెన్స్, మెలనోస్టోమా ఆకుల్నీ కొమ్మల్నీ ఇష్టపడతాయి. ఈ ప్రశ్న బతికున్న నత్తకే వర్తిస్తుంది. బురదలో పడి ఉన్న ఖాళీ గుల్ల అక్కడిదే అని నమ్మకూడదు. నీళ్లు కొట్టుకొచ్చి ఉండొచ్చు, సన్యాసి పీత దాన్ని ఇల్లుగా చేసుకుని మోసుకొచ్చి ఉండొచ్చు.

2. ఆకారం ఎలా ఉంది? మొన పైకి, నోరు మీ వైపు వచ్చేలా ఊహించుకోండి. చుట్లు ఉబ్బెత్తుగా గుండ్రంగా ఉన్నాయా, లేక పక్కలు చదునుగా, కోన్ ఐస్‌క్రీమ్ తిరగేసినట్టు సాఫీగా దిగాయా? చివరి పెద్ద చుట్టు మొత్తం గుల్లలో ఎంత భాగం ఆక్రమించింది?

3. గరుకా, నునుపా? చుట్టు వెంట గట్లు స్పష్టంగా లేచి ఉన్నాయా, లేక సన్నటి గీతలు మాత్రమే గీసినట్టున్నాయా? వేలితో మెల్లగా తాకితేనే తెలిసిపోతుంది.

4. ఇరుసు ఏ రంగు? గుల్ల అంతా ఒక ఇరుసు చుట్టూ తిరుగుతుంది. నోటి లోపలి అంచున, ఎడమ పక్కన ఆ ఇరుసు చివరి భాగం బయటికి కనిపిస్తుంది. చాలామంది అసలు చూడని భాగం ఇదే. కానీ ఎక్కువ సమాచారం ఇక్కడే ఉంది. తెల్లగా, వెడల్పుగా, కాస్త గుంట పడినట్టు ఉందా? సన్నగా, ఊదా ఛాయలో ఉందా? ముదురు ఊదా-నలుపులో ఉందా?

5. రంగు, మచ్చలు ఎలా ఉన్నాయి? ఇప్పుడు రంగు చూడొచ్చు. ఒక్క నత్తది కాకుండా, అదే చెట్టు మీద ఉన్న పదింటిది చూడండి. అన్నీ ఒకే రంగా, పసుపు-గులాబీ-గోధుమ కలగలుపా? గోధుమరంగు చుక్కలు కలిసి ఏటవాలు చారలయ్యాయా, విడివిడి గీతల్లా ఉండిపోయాయా?

ఉదాహరణకు, నల్లనోటి నత్త

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో ఒక జాతితో చూద్దాం. భారత తూర్పు తీరం నుంచి ఆగ్నేయాసియా మీదుగా హాంకాంగ్ దాకా మడ అడవుల్లో ఉండే లిట్టోరేరియా మెలనోస్టోమా దీనికి మంచి ఉదాహరణ. 1839లో గ్రే అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దీనికి ఈ పేరు పెట్టాడు. గ్రీకులో మెలనో అంటే నలుపు, స్టోమా అంటే నోరు. నల్లనోటి నత్త అన్నమాట. గుర్తు పేరులోనే ఉంది.

ఆకు మీదో లేత కొమ్మ మీదో కూర్చుని ఉంటుంది. ఎత్తు సాధారణంగా రెండు, రెండున్నర సెంటీమీటర్లు. పది రూపాయల నాణెం పక్కన పెడితే దానికంటే కాస్త చిన్నగానే ఉంటుంది. గుల్ల కోసుగా, పొడవుగా, పక్కలు దాదాపు చదునుగా దిగుతాయి. మీద గట్లు పెద్దగా లేవవు, సన్నటి గీతలే. ఒంటి రంగు లేత పసుపు లేదా మీగడ తెలుపు, మీద చిన్న చిన్న గోధుమరంగు గీతలు. ఇంతవరకు చూస్తే ఇంకో జాతేమో అనే అనుమానం మిగులుతుంది. నోటి వైపు తిప్పి చూస్తే ఇరుసు ముదురు ఊదా-నలుపులో, సిరాలో ముంచినట్టు కనిపిస్తుంది. లేత గుల్లకు అంత నల్లటి ఇరుసు ఉండటమే దీని ముద్ర.

దీని పక్కన స్కాబ్రాను పెట్టి చూడండి. అది ఇంతకంటే పెద్దది, మూడు సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది. చుట్లు ఉబ్బెత్తుగా, గట్లు గరుగ్గా ఉంటాయి. నోరు వెడల్పు. ఇరుసు వెడల్పుగా, తెల్లగా, గుంట పడినట్టు ఉంటుంది. లేత రంగు మీద గోధుమ చుక్కలు కలిసిపోయి ఏటవాలు చారలవుతాయి. ఒకసారి రెండు నోళ్లూ చూసినవాళ్లు మళ్లీ వీటి మధ్య పొరపడరు.

ఇంటర్మీడియాతో జాగ్రత్తగా ఉండాలి. దాని ఇరుసు సన్నగా ఉంటుంది, కొన్నింట్లో ఊదా ఛాయ కూడా కనిపిస్తుంది. కానీ గుల్ల బూడిద-గోధుమ రంగులో, చుట్లు గుండ్రంగా ఉంటాయి, కూర్చునేది కాండం మీద. పాలెసెన్స్ ఇరుసు కూడా ఊదాగా ఉండి, అది కూడా ఆకు మీదే ఉంటుంది కాబట్టి ఇంకా ఇబ్బంది. అక్కడ చుట్ల గుండ్రదనం, రంగుల కలగలుపు చూసుకోవాలి. ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకుండా, నాలుగైదు గుర్తులు ఒకే వైపు చూపిస్తున్నాయా అని చూడాలి. కోర్టులో సాక్షుల మాటల్ని కలిపి చూసినట్టే ఇది కూడా.

కొన్నిసార్లు సాక్షులంతా కలిసినా తేలదు. ఆర్టిక్యులేటా, స్ట్రైగేటా అనే రెండు జాతుల గుల్లలు ఎంత దగ్గరగా ఉంటాయంటే, నిపుణులు కూడా లోపలి అవయవాలు చూడకుండా చెప్పలేరు. అలాంటి చోట "ఇది లిట్టోరేరియా, జాతి తెలియదు" అని రాయడమే సరైన జవాబు. అది ఓటమి కాదు. తప్పు పేరు రాయడం కంటే సగం పేరు నిజాయితీగా రాయడం ఎప్పుడూ మేలు.

ఫోటో ఇలా తీయండి

గుర్తుపట్టడానికి నత్తను ఇంటికి తెచ్చుకోవాల్సిన పనే లేదు. తేకూడదు కూడా. కోరింగ 1978 నుంచి వన్యప్రాణి అభయారణ్యం, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైమాటే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యం నుంచి అనుమతి లేకుండా ఏ జీవినీ బయటికి తీసుకెళ్లకూడదు. ఫోన్ ఉంటే చాలు.

మొదటి ఫోటో దూరం నుంచి తీయండి. చెట్టు, నత్త ఉన్న ఎత్తు, కింద నీరో బురదో కనిపించాలి. రెండోది దగ్గర నుంచి, గుల్ల పక్క భాగం పూర్తిగా రావాలి. మూడోది ముఖ్యమైనది, నోటి వైపు. నత్త అంటుకుని ఉంటే బలవంతంగా పీకవద్దు, గుల్ల అంచు విరుగుతుంది. తేమగా ఉన్న వేళ తనంతట తాను కదులుతున్నప్పుడు ఇది తేలిక. చేతిలోకి తీసుకున్నా ఒక్క నిమిషంలో ఫోటో తీసి, అదే ఆకు మీద, అదే ఎత్తులో పెట్టేయండి. కొలత తెలియడానికి పక్కన నాణెం పెట్టండి. తేదీ, చోటు, ఆటా పోటా అన్నది రాసుకోండి.

గుల్ల మీద విరిగి అతుక్కున్నట్టు వంకర గీత కనిపిస్తే దాన్నీ ఫోటో తీయండి. పీత గుల్లను పగలగొట్టబోయి విఫలమైతే నత్త ఆ చోటును మళ్లీ కట్టుకుంటుంది. ఆ మచ్చ జాతి గుర్తు కాదు, ఆ నత్త తప్పించుకున్న చావుకు గుర్తు. పిల్లలకు ఇది చూపిస్తే మర్చిపోరు.

ఒక హెచ్చరిక. మడ అడవుల్లో తిల్ల అనే చెట్టు ఉంటుంది. కొమ్మ విరిచినా ఆకు తుంచినా తెల్లటి పాలు కారతాయి. అవి చర్మానికి తగిలితే బొబ్బలు రావొచ్చు, కళ్లలో పడితే చూపుకే ప్రమాదం. అందుకే నత్త కోసం కొమ్మలు వంచడం, ఆకులు కోయడం పిల్లల్ని చేయనివ్వకండి. ఫోటోల్ని ఐనాచురలిస్ట్ లాంటి వేదికల్లో పెడితే, నత్తల గురించి తెలిసినవాళ్లు చూసి పేరు సూచిస్తారు. నోటి వైపు ఫోటో లేకపోతే వాళ్లు కూడా ఏమీ చెప్పలేరు.

పేరుతో ఏం పని?

ఇంత చిన్న నత్తకు ఇంత హడావిడి ఎందుకని అనిపించొచ్చు. పేరు సరిగ్గా లేకపోతే లెక్క సరిగ్గా ఉండదు, లెక్క లేకపోతే నష్టం కనిపించదు. మడ అడవి ఒకటే అనుకుంటాం కానీ, సముద్రం అంచు చెట్ల మీద ఒక జాతి, లోపలి కాలువల ఆకుల మీద ఇంకో జాతి బతుకుతున్నాయి. సముద్రం వైపు వరుస కోతకు గురైతే, లేదా లోపలి చెట్లు నరికి చెరువులు తవ్వితే, పోయే జాతులు వేరు. అన్నిటినీ "స్కాబ్రా" అని రాసుకుంటే, ఒక జాతి పూర్తిగా మాయమైనా పుస్తకంలో "స్కాబ్రా ఉంది" అనే ఉంటుంది.

1986కు ముందు స్కాబ్రా పేరుతో చేసిన ఎన్నో పరిశీలనలకు ఇదే గతి పట్టింది. పిల్లల్ని ఎలా కంటుంది, ఏం తింటుంది, ఎంత వేడి తట్టుకుంటుంది అని కష్టపడి రాసిన వివరాలు ఏ జాతివో ఇప్పుడు చాలాసార్లు తేల్చలేం. నత్తల్ని దాచి ఉంచకపోతే మళ్లీ చూసి సరిదిద్దే వీలూ లేదు.

జాతి మారితే స్వభావమూ మారుతుంది. స్కాబ్రా, పాలెసెన్స్, ఇంటర్మీడియా ఆడ నత్తలు గుడ్లను తమ ఒంట్లోనే పొదిగి, ఈదే పిల్లల్ని నీళ్లలోకి వదులుతాయి. ఇదే ప్రజాతిలో కొన్ని జాతులు గుడ్లనే నేరుగా సముద్రంలోకి వదిలేస్తాయి. అమెరికా తూర్పు తీరపు ఉప్పు గడ్డి బయళ్లలో ఉండే ఇరొరాటా అనే చుట్టం, తనను తినే పీతల్ని ప్రయోగం కోసం అడ్డుకున్నప్పుడు, కొన్ని నెలల్లోనే గడ్డిని నాశనం చేసి బురద మిగిల్చింది. 2002లో వచ్చిన ఈ పరిశోధన చాలామందిని ఆశ్చర్యపరిచింది. అదే ఇంటిపేరున్న మన నత్తలూ అలాగే చేస్తాయని అనుకోలేం. ఏ జాతి ఏం చేస్తుందో తెలియాలంటే ముందు ఏది ఏదో తెలియాలి.

మన తీరానికి ఇది దూరపు విషయం కాదు. గోదావరి, కృష్ణా నదుల ముఖద్వారాల్లో పాడైన మడ నేలల్లోకి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీళ్లు తిరిగి పారేలా చేసి, తీర గ్రామాల ప్రజలతో కలిసి మొక్కలు నాటారు. అలా నాటిన చోట చెట్లు బతికాయా అన్నది ఒక ప్రశ్న. ఆ చెట్ల మీదికి నత్తలూ పీతలూ తిరిగొచ్చాయా, వచ్చినవి ఏ జాతులు అన్నది రెండో ప్రశ్న. మొక్కలు నాటితే తోట అవుతుంది, జీవులన్నీ తిరిగొస్తేనే అది అడవి. రెండో ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఆకు మీద నత్తను ఓపికగా చూడగలిగే కళ్లు కావాలి.

ఇంట్లో పిల్లలకు

డిగ్రీలో జంతుశాస్త్రం చదివే అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఇది మంచి ప్రాజెక్టు. ఒకే చెట్టును ఎంచుకుని, అడుగు నుంచి చిటారు ఆకు దాకా ఏ ఎత్తులో ఎన్ని నత్తలున్నాయో, వాటి ఇరుసు ఏ రంగో, అటవీ సిబ్బంది అనుమతితో ఏడాది పొడవునా నెలకోసారి రాసుకుంటే చాలు. పెద్ద ఖర్చు లేదు, ఏ జీవికీ హాని లేదు. మన తీరం గురించి ఇలాంటి ఓపికైన లెక్కలు ఎన్ని ఉన్నా తక్కువే.

చిన్నపిల్లలకు మాత్రం ఒక్క మాట నేర్పితే సరిపోతుంది: రంగు చూసి పేరు పెట్టొద్దు, నోరు చూసి, చోటు చూసి చెప్పు. ఈసారి చెక్క బాట మీద "దీని పేరేంటి?" అని అడిగితే, "నత్త" అని ఊరుకోకుండా వాళ్ల పక్కన వంగి చూడండి. ఆకు మీద ఉంటే, గుల్ల లేతగా కోసుగా ఉండి ఇరుసు సిరాలో ముంచినట్టుంటే, "నల్లనోటి నత్తలా ఉంది" అని చెప్పండి. ఏదో ఒక గుర్తు కుదరకపోతే "ఇంకా తెలియదు, ఫోటో తీసి అడుగుదాం" అని చెప్పండి. రెండు జవాబులూ సరైనవే.